బూచాడిని ఇంటికి పిలిచేముందు

*దయ్యాల సినిమా చూస్తామని పిల్లలు మారాం చేస్తే వద్దనడమూ తేలికే, సరేననడమూ తేలికే. ఏ చిత్రం, ఏ వయసుకు, ఏ వేళ, ఎవరి పక్కన కూర్చుని చూడాలన్నదే పెద్దలు ఆలోచించవలసిన సంగతి.*

“తాతయ్యా, ఈ రాత్రి దయ్యాల సినిమా చూడాలట. మా తరగతిలో అందరూ చూస్తారట. మనమూ చూద్దామా?”

అడిగినది ఆరేళ్ల మా మనుమరాలు. ఆ రోజు 2024 అక్టోబరు 31. మన దీపావళి, పాశ్చాత్యుల హాలోవీన్ ఆ సంవత్సరం ఒకే తేదీన వచ్చినవి. పుదుచ్చేరిలోని మా ఇంటి వాకిట కోడలు ప్రమిదలు తుడిచి పెడుతున్నది. పదకొండేళ్ల మనుమడు రిమోట్ చేతబట్టి, టీవీ తెర మీద ఒకదానిని మించి ఒకటి భయంకరమైన ముఖాలున్న చిత్రాల పేర్లు చదివి వినిపిస్తున్నాడు. మరునాడు నవంబరు 1. పుదుచ్చేరి పరిపాలన 1954లో ఫ్రెంచివారి చేతినుంచి భారతదేశానికి వచ్చిన దినం, బడికి సెలవు. పెందలాడే పడుకోవాలన్న సాకు కూడా నాకు లేకపోయింది.

అయినా సరేననడానికి నోరు రాలేదు. ముప్ఫై రెండేళ్ల కిందటి ఒక సాయంకాలం కళ్లముందు కదలాడింది.

యానాం నుంచి ఉద్యోగరీత్యా మేము ఈ పట్టణానికి వచ్చిన కొత్తరోజులవి. మా అబ్బాయికి అప్పుడు సరిగ్గా ఆరేళ్లు. ఊళ్లో ఏదో దయ్యపు సినిమా ఆడుతున్నది. మిత్రులు రమ్మన్నారు. ఇంట్లో పిల్లవాడిని చూసుకునేవారు లేక వెంటబెట్టుకుపోయాను. ద్వారం దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. మూడు గంటలసేపు వాడు కిక్కురుమనలేదు. “ధైర్యవంతుడయ్యా నీ కొడుకు!” అని మిత్రులు మెచ్చుకుంటే నేనూ పొంగిపోయాను.

ఆ రాత్రి నుంచి వాడు ఒంటరిగా పెరటిలోకి పోవడం మానివేశాడు. గదిలోని నిలువుటద్దానికి తువ్వాలు కప్పితేగాని నిద్రపోయేవాడు కాడు. ఏడెనిమిది నెలలపాటు అదే వరస. “మగపిల్లవాడివి, సిగ్గులేదూ!” అని కసిరానేగాని, నేను చేసిన పని ఏమిటో నాకు తోచలేదు.

ఇప్పుడు మనుమరాలికి అదే వయసు. అందుచేత ఆ దీపావళి పగలంతా ఈ విషయం గురించే ఆలోచించాను. నాకు తెలిసినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ నావంటి తాతలకు, తల్లిదండ్రులకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

బుస్సీ వీధిలో బూచాడు

పుదుచ్చేరిలో లాల్‌బహదూర్ శాస్త్రి పేరుతో ఒక వీధి వున్నది. పాతకాలంవారు నేటికీ దానిని బుస్సీ వీధి అనే అంటారు. 1757 జనవరిలో విజయనగర ప్రభువు పక్షాన బొబ్బిలి కోటమీదికి ఫిరంగులు తెచ్చిన ఫ్రెంచి సేనాని ఆ బుస్సీయే. 1785లో ఈ పట్టణంలోనే కన్నుమూశాడు. మన తల్లులు అన్నం తినని పిల్లలకు చూపే ‘బూచాడు’ ఈ బుస్సీ పేరు నుంచే పుట్టాడని తెలుగునాట ఒక జనశ్రుతి వున్నది. తమిళులకు ‘పూచ్చాండి’ వున్నాడు గనుక ఆ మాట అంతకన్నా పాతది కావచ్చును. ఏమైనా, ఆ కథను తెలుగువారు ఇన్ని తరాలు చెప్పుకోవడంలో ఒక అర్థం వున్నది. పెద్దలు నిజంగా భయపడినదే పిల్లలను బెదిరించడానికి పనిముట్టయింది.

బూచాడిని రెండు విధాల వాడవచ్చును. “తినకపోతే బూచాడికి పట్టిస్తాను” అనడం ఒక విధం. అందులో తల్లి బూచాడి పక్షాన నిలబడుతున్నది, పిల్లవాడు ఒంటరివాడు. చీకట్లో తాత ఒడిలో కూర్చోబెట్టుకొని బేతాళుడి కథ చెప్పడం రెండవ విధం. అందులో తాతా మనుమడూ ఒక పక్క, బేతాళుడు మరొక పక్క. కథ ఒకటే కావచ్చును, భయమూ ఒకటే కావచ్చును. పిల్లవాడు ఎవరి పక్క నున్నాడన్నదే భేదం.

సినిమా విషయంలోనూ అంతే. ఈ ఒక్క సూత్రం మనసులో పెట్టుకుంటే మిగిలిన ఎంపిక అంత కష్టం కాదు.

గుమ్మడికాయ మనకు కొత్తది కాదు

హాలోవీన్ పరదేశపు పండుగ, మన పిల్లలకెందుకు అనేవారు వున్నారు. ఆ మాటను తీసివేయలేము గాని, పూర్తిగా ఒప్పుకోనూలేము. ఐర్లండు ప్రాంతాల ప్రాచీనులు చలికాలపు ప్రవేశవేళ జరుపుకున్న సంబరం, క్రైస్తవుల సకల పరిశుద్ధుల పండుగకు ముందురోజుతో కలిసిపోయి హాలోవీన్ అయింది. అక్కడ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవారు. వలస వెళ్లినవారికి అమెరికాలో గుమ్మడికాయలు సమృద్ధిగా దొరికినవి. మనమో, కొత్తయింటికి దృష్టి తగలకుండా బూడిదగుమ్మడికాయ మీద కోరలూ మీసాలూ గీసి గుమ్మానికి వేలాడదీస్తాము. భయాన్ని బొమ్మగా చేసి కళ్లెదుట పెట్టుకుంటే అది లొంగుతుందన్న నమ్మకం ఇక్కడా వున్నది, అక్కడా వున్నది.

పుదుచ్చేరిలో ఈ దినాలకు మరొక అర్థం కూడా వున్నది. నవంబరు 2న ఇక్కడి కాథలిక్కులు సమాధుల పండుగ చేస్తారు. తమిళంలో దానిని ‘కల్లరై తిరునాళ్’ అంటారు. గోరీలు కడిగి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పిల్లలు వెంట వస్తారు. ఆ వెలుతురులో శ్మశానం భయానకంగా తోచదు. చుట్టాలను చూసి వచ్చినట్లుంటుంది. మనకు మహాలయ పక్షం ఎటువంటిదో వారికి అది అటువంటిది. అక్టోబరు చివరివారంలో పిల్లలు దయ్యాలమాట ఎత్తినప్పుడు, చనిపోయినవారిని తలచుకోవడం అనే ఈ మంచి వాడుకను కూడా వారికి చెప్పవచ్చును.

తెరమీది దయ్యానికీ ఫ్రెంచివారికీ సంబంధం వున్నది. ఇంద్రజాలికుడుగా పేరొందిన జార్జి మెలియే 1896లో సుమారు మూడు నిమిషాల చిత్రం ఒకటి తీశాడు. అందులో ఒక గబ్బిలం ఎగిరివచ్చి దయ్యంగా మారిపోతుంది. లోకంలో తొలి దయ్యపు చిత్రంగా చాలామంది దానినే లెక్కిస్తారు. నేడు చూస్తే అది గారడీవాడి వినోదంలా వుంటుంది. చలనచిత్రం పుట్టీపుట్టగానే దయ్యం వెంట వచ్చిందన్నమాట. దానిని ఇంటినుంచి పూర్తిగా వెళ్లగొట్టడం మనవల్ల కాని పని.

ఏ వయసుకు ఏ భయం?

పిల్లల భయాలను గురించి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జోన్ కాంటర్ ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. 1999లో ఆమె, క్రిస్టెన్ హారిసన్ కలిసి ప్రచురించిన అధ్యయనంలో సుమారు 150 మంది విద్యార్థులను వారి బాల్యం గురించి అడిగారు. సినిమాగాని, టీవీగాని చూసి చాలాకాలం వదలని భయానికి లోనయ్యామని నూటికి తొంభైమంది చెప్పారు. ఆ భయపు ఛాయ పెద్దయ్యాక కూడా మిగిలి వున్నదని నూటికి ఇరవై ఆరుమంది చెప్పారు. మా ఇంటి అద్దానికి తువ్వాలు కప్పుకున్న పిల్లవాడు ఒంటరివాడు కాడని అది చదివాక గాని నాకు తెలియలేదు.

వారి పరిశోధనలలో మరొక సంగతి మరీ ఆలోచింపజేస్తుంది. అమెరికా టీవీలో ‘హల్క్’ అనే కథ వచ్చేది. మంచివాడైన కథానాయకుడు కోపం వచ్చినప్పుడు ఆకుపచ్చని మహాకాయుడుగా మారి బాధితులను కాపాడతాడు. తొమ్మిది, పదకొండేళ్ల మధ్య పిల్లలకు అతడు మారకముందే, ఆపద రాబోతున్నదన్నప్పుడు భయం. మారిన తరువాత నిశ్చింత. మూడు నుంచి ఐదేళ్లవారికి సరిగ్గా తలకిందులు. మనిషి ఆకారం మారగానే వారికి భయం పుట్టింది. అతడు మేలు చేస్తున్నాడన్న సంగతి వారి మనసుకు ఎక్కలేదు.

దీనినిబట్టి మనం గ్రహించవలసినది ఇది. ఏడేళ్లలోపు పిల్లలు చూపునుబట్టి భయపడతారు. ముఖం వికృతంగా వుంటే చాలు, మనసు మంచిదన్న మాట అక్కరకు రాదు. ఒక మనిషి కళ్లముందే మరొకటిగా మారడం వారికి అన్నిటికన్నా గొప్ప భయం. ఎనిమిదేళ్లు దాటినవారికి ‘ఇది నిజంగా జరగవచ్చునా?’ అన్న ప్రశ్న ముఖ్యం. దొంగలు, ఎత్తుకుపోయేవారు, తల్లిదండ్రులకు కలిగే ఆపద వారిని కలతపెడతవి. పన్నెండు దాటితే కంటికి కనబడనివి, మనసుకు సంబంధించినవి, లోకం తలకిందులయ్యేవి భయపెడతవి. అందువల్ల అన్నకు నవ్వు తెప్పించేది చెల్లెలికి పీడకల కావచ్చును; చెల్లెలు పట్టించుకోని మాట అన్న నిద్ర చెడగొట్టవచ్చును.

సర్టిఫికెట్ ఎంతవరకు సాయం?

1952 నాటి చలనచిత్ర చట్టం కింద మన దేశంలో చిత్రాలకు ధ్రువపత్రాలిస్తారు. మొదట అందరికీ తగిన ‘యు’, వయోజనులకు మాత్రమే తగిన ‘ఎ’ అని రెండే ముఖ్యంగా వుండేవి. 1983 నుంచి మధ్యస్థంగా ‘యుఎ’ వచ్చింది. 2023లో చట్టాన్ని సవరించి ఆ మధ్యదానిని 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు అని మూడు మెట్లు చేశారు. ఇంటికి నేరుగా వచ్చే చిత్రాలకు కూడా ఇటువంటి వయసు గుర్తులే వుంటవి. చిత్రం ప్రారంభంలో ఆ గుర్తును చూడడం తల్లిదండ్రుల మొదటి పని.

అమెరికాలోనూ ఇటువంటి మధ్యమెట్టు తల్లిదండ్రుల ఆందోళన వల్లనే వచ్చింది. 1984లో ‘గ్రెమ్లిన్స్’, ‘ఇండియానా జోన్స్’ రెండవ చిత్రం వచ్చినప్పుడు, పిల్లల చిత్రాలని నమ్మి తీసుకుపోయిన పెద్దలు నివ్వెరపోయారు. ఆ సంవత్సరమే అక్కడ 13 ఏళ్ల గుర్తు పుట్టింది. అంతకు చాలాముందు, 1938లో, డిస్నీవారి ‘స్నో వైట్’ బ్రిటన్ చేరినప్పుడు అక్కడి సెన్సారువారు పెద్దలు వెంట వుంటేనే పిల్లలను అనుమతించాలన్నారు. ఆనాడు చాలామంది నవ్వి వుంటారు. కాని రాణి మంత్రజలం తాగి ముసలి మంత్రగత్తెగా మారే ఘట్టం ఆ చిత్రంలోనే వున్నది. కళ్లముందు మారిపోయే మనిషి!

అయితే ధ్రువపత్రం చిత్రాన్ని చూసి ఇచ్చినదేగాని, మీ పిల్లవాడిని చూసి ఇచ్చినది కాదు. నెలకిందట నాయనమ్మ పోయిన ఇంట్లో, చనిపోయినవారు తిరిగివచ్చే చిత్రం ‘యు’ అయినా బరువే. నీటిభయం వున్న పిల్లకు చెరువుగట్టు మీది కథ బరువే. ఆ సంగతులు ఏ సెన్సారు సభ్యుడికీ తెలియవు.

కొన్ని చిత్రాలు

ఆరేడేళ్ల వారికి నా మొదటి ఎంపిక ‘మాయాబజార్’. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయావారు తీసిన ఈ చిత్రాన్ని దయ్యాల చిత్రమని ఎవరూ అనరు. కాని అందులో రాక్షసులున్నారు, మాయలున్నవి, అదృశ్యమయ్యే వంటకాలున్నవి. ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడు అడవిలో సుభద్రాభిమన్యుల రథానికి అడ్డుపడి గర్జించినప్పుడు చిన్నపిల్లలు ఉలిక్కిపడతారు. క్షణాల్లో ఆ రాక్షసుడే వారు తన బంధువులని తెలిసి పాదాలకు మొక్కుతాడు. భయపెట్టినవాడు పినతల్లి ముందు బుద్ధిమంతుడైన పిల్లవాడవుతాడు. పసిపిల్లల భయానికి ఇంతకన్నా మంచి ముగింపు నాకు తెలియదు. చిత్రం సుమారు మూడు గంటలు. ఒక్క పూటలో అంతా చూపనక్కరలేదు.

1951 నాటి ‘పాతాళభైరవి’ ఒక మెట్టు పైది. నేపాళ మాంత్రికుడి చూపు, బలి ఘట్టాలు, తల తెగిపడడం వంటివి వున్నవి గనుక ఎనిమిదేళ్లు దాటినవారికి బాగుంటుంది. తోటరాముడు తెలివితో మాంత్రికుడిని ఎలా బోల్తా కొట్టించాడో వారికి అర్థమవుతుంది.

1969లో సత్యజిత్ రాయ్ తన తాతగారు ఉపేంద్రకిశోర్ రాసిన కథను ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ అనే బెంగాలీ చిత్రంగా తీశారు. పాట రాని గాయకుడికీ, వాయించడం రాని డోలువాడికీ అడవిలో దయ్యాలరాజు కనబడి మూడు వరాలిస్తాడు. దయ్యాల నృత్యం కొన్ని నిమిషాలసేపు సాగుతుంది. నలుపు తెలుపుల్లో అది వింతగా వుంటుందే తప్ప వెంటాడదు. భాష రాకపోయినా పెద్దలు పక్కన కూర్చుని కథ చెబుతూ వుంటే ఏడెనిమిదేళ్లవారు హాయిగా చూడగలరు.

1984లో మలయాళంలో వచ్చిన ‘మై డియర్ కుట్టిచాత్తన్’ భారతదేశంలో తొలి త్రీడీ చిత్రం. తెలుగులో ‘చిన్నారి చేతన’గా వచ్చింది. మాంత్రికుడి చెరలోని చిన్న దయ్యాన్ని పిల్లలు విడిపించి స్నేహం చేస్తారు. దయ్యం కూడా దిక్కులేని పిల్లవాడే కావచ్చునన్న ఊహ ఇందులోని అందం. ఆ చిన్న దయ్యం మద్యం తాగే ఘట్టాలున్నవి. వాటి గురించి ఒక మాట చెప్పడానికి పెద్దలు సిద్ధంగా వుండాలి.

పదేళ్లు దాటినవారికి విశాల్ భరద్వాజ్ హిందీలో తీసిన ‘మక్‌డీ’ (2002) తగినది. ఊరి పాడుబడ్డ మేడలోని మంత్రగత్తె తన కవలసోదరిని కోడిగా మార్చివేసిందని ఒక అల్లరిపిల్ల నమ్ముతుంది. ఆ ఇద్దరు సోదరీమణులుగా నటించి జాతీయ బహుమతి పొందిన శ్వేతాబసు ప్రసాద్, తరువాత ‘కొత్త బంగారు లోకం’తో తెలుగువారికి పరిచయమైంది. చివరకు మంత్రం లేదు, మోసమే వున్నదని తేలుతుంది. చేతబడి చేశారన్న అనుమానంతో అమాయకులను కొట్టి చంపిన వార్తలు తెలుగు పల్లెలనుంచి నేటికీ వస్తున్నవి. అందుచేత ఊరిలోని ఒంటరి ముసలిదానిని మంత్రగత్తెగా చూపి అంతటితో వదిలివేసే చిత్రాలను నేను పిల్లలకు చూపను. ఆ భయం తెరమీద ఆగదు. వీధిచివర గుడిసె దాకా వెళుతుంది.

2017లో వచ్చిన ‘కోకో’ను పిక్సార్‌వారు మెక్సికోలోని మృతుల పండుగ ఆధారంగా తీశారు. ఒక బాలుడు పరలోకంలో తన పూర్వీకులను కలుసుకుంటాడు. అందరూ అస్థిపంజరాలే, కాని ఒక్కరూ భయపెట్టరు. మనం మరచిపోయిననాడే చనిపోయినవారు నిజంగా పోతారన్నది దాని సారాంశం. నవంబరు 2 నాటి పుదుచ్చేరికి ఇది సరిగ్గా అమరిన కథ. ఇటీవల ఇంట్లో ఎవరైనా పోయివుంటే మాత్రం ముందు పెద్దలు చూసి నిర్ణయించుకోవాలి.

‘నవ్వుల దయ్యం’ అని పేరు పెట్టుకున్న చిత్రాలన్నీ పిల్లలకు తగినవని అనుకోరాదు. హాస్యం పెద్దల కోసం, రక్తం అందరి కోసం అన్నట్లుంటవి కొన్ని. పిచ్చి పట్టినవారినే దయ్యంగా చూపే చిత్రాలూ వున్నవి. అటువంటివి చూస్తే, మానసిక వ్యాధి అనేది వైద్యం వున్న వ్యాధి అని తరువాత చెప్పవలసిన బాధ్యత మనది.

ఇంట్లో పాటించవలసినవి

1. ముందు మీరు చూడండి. అంతా చూసే తీరిక లేకపోతే, చివరి అరగంటైనా చూడండి. భయం తీరే ముగింపు వున్నదా, లేక దయ్యం మళ్లీ కన్ను తెరవడంతో ముగుస్తున్నదా అన్నది అక్కడే తెలుస్తుంది. రెండవ రకం పిల్లలకు వద్దు.

2. పగలు చూపండి. నిద్రకూ సినిమాకూ మధ్య భోజనం, ఆట, కబుర్లు వుండాలి.

3. గదిలో దీపం వుంచండి. శబ్దం తగ్గించండి. భయంలో సగం చెవులనుంచే వస్తుంది. ఒకసారి శబ్దం పూర్తిగా ఆపి చూపితే పిల్లలకే నవ్వు వస్తుంది.

4. రిమోట్ పిల్లల చేతికివ్వండి. ఆపే అధికారం తనదన్న ధైర్యం గొప్పది. హాలులో మనకు లేని సౌకర్యం ఇంట్లో వున్నది.

5. జరగబోయేది ముందే చెప్పండి. “ఇప్పుడు రాక్షసుడు వస్తాడు, అరుస్తాడు, తరువాత దణ్ణం పెడతాడు” అంటే కథ చెడదు. పసిపిల్లలు తెలిసిన కథనే పదిసార్లు వింటారు గదా.

6. వయసుల్లో తేడా వున్న పిల్లలుంటే చిన్నవారినిబట్టి చిత్రం ఎంచండి. పెద్దవాడి కోసం మరొక పూట కేటాయించండి.

7. పిరికివాడని ఎగతాళి చేయకండి. పందెం కాయకండి. లేచి వెళ్లిపోయినవారిని వెనక్కి పిలవకండి.

ఇంత చేసినా భయపడితే? ఏడేళ్లలోపు వారికి ఉపన్యాసం పనిచేయదు. ‘అంతా అబద్ధం, రంగు పూసుకున్నారు’ అన్న మాట అప్పటికి వారికి అందదు. దగ్గరకు తీసుకోవడం, మంచినీళ్లో పాలో తాగించడం, దుప్పటి కప్పడం, ఆ రాత్రి పక్కన పడుకోబెట్టుకోవడం పనిచేస్తవి. ఎనిమిదేళ్లు దాటినవారికి వివరం కావాలి. ఆ రక్తం ఏ రంగునీళ్లో, ఆ నటుడు మామూలుగా ఎలా వుంటాడో, కెమెరాతో ఆ గారడీ ఎలా చేశారో చెప్పాలి. భయం వారాలు గడిచినా తగ్గక నిద్ర, తిండి, చదువు పాడవుతుంటే వైద్యుడికి చూపడానికి సంకోచించకూడదు. మా అబ్బాయి విషయంలో నేను ఆ పని చేయలేదు.

ఆ దీపావళినాడు

మధ్యాహ్నం మూడు గంటలకు, కిటికీలు తెరిచే వుంచి, ‘మాయాబజార్’ పెట్టాను. మనుమడు పెదవి విరిచాడు. “నీకు రేపు పొద్దున వేరే చిత్రం. ఇవాళ చెల్లెలికి తోడుగా చూడు నాన్నా” అన్నాను. రిమోట్ మనుమరాలి చేతిలో పెట్టాను.

ఘటోత్కచుడు గర్జించగానే ఆ పిల్ల నా ఒడిలోకి వచ్చిపడింది. తెర ఆపేసింది. నా చేయి రెండు చేతులా పట్టుకొని, ఒక్క నిమిషం ఆగి, మళ్లీ తానే నడిపింది. రాక్షసుడు సుభద్ర కాళ్లకు మొక్కినప్పుడు తల ఎత్తి అడిగింది:

“వాడు వాళ్ల చుట్టమా తాతయ్యా?”

“చుట్టమేనమ్మా.”

“మరి ముందే చెప్పచ్చు గదా!”

సాయంత్రం మతాబులు కాల్చేవేళకు దుప్పటి భుజాన వేసుకొని, గరిటెను గదగా పట్టుకొని ఇల్లంతా గర్జిస్తూ తిరిగింది. అన్నను బెదిరించింది, నన్ను బెదిరించింది, పక్కింటి తమిళ అవ్వను కూడా బెదిరించింది. రాక్షసుడి వేషం తానే కట్టిన పిల్లకు ఆ రాక్షసుడి భయం తీరినట్లే. ఆ రాత్రి చక్కగా నిద్రపోయింది. మరునాడు ఉదయం ‘మక్‌డీ’ చూసిన మనుమడు కోడి ఘట్టంలో మాత్రం కొంచెం నావైపు జరిగి కూర్చున్నాడు. నేను గమనించనట్లు వూరుకున్నాను.

దీపావళి రాత్రి పిల్లలు పడుకున్న తరువాత మా అబ్బాయి వచ్చి వాకిట్లో నా పక్కన కూర్చున్నాడు. ప్రమిదలు ఒక్కొక్కటే కొండెక్కుతున్నవి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు నేనే అడిగాను: “ఆ రోజు నిన్ను ఆ సినిమాకు తీసుకుపోయి పొరపాటు చేశానురా. ఆ అద్దంలో దయ్యం నీకింకా గుర్తున్నదా?”

“దయ్యం ముఖం నాకు గుర్తులేదు నాన్నగారూ,” అన్నాడు. “ఆ అద్దం సీను రాగానే మీ చేయి పట్టుకున్నాను. మీ స్నేహితులు చూస్తున్నారని కాబోలు, మీరు విడిపించుకున్నారు. అది గుర్తున్నది.”

నాకు ఆ సంగతి ఎంతమాత్రం గుర్తులేదు. ముప్ఫై రెండేళ్లు వాడు దానిని మోసుకు తిరిగాడు.

చీకట్లో తడుముకొని వాడి చేయి పట్టుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లవాడు. విడిపించుకోలేదు.